సారె సామాన్లు అటక మీదే ఉంచాలా, హాల్లో పెట్టుకోవచ్చా?

పర్లాకిమిడి కోడలు:
మా అత్తగారి సారె, నా సారె కలిపి కంచు పళ్లేలు, ఇత్తడి బిందెలు, మరచెంబులు, ఒక పెద్ద గంగాళం, ఇవి కాక పింగాణీ డిన్నర్ సెట్టు, అన్నీ గోనెసంచుల్లో కట్టి అటక మీద ఉన్నాయి. మార్గశిర లక్ష్మివారాలకు కొన్ని దించి తోముతాను, మళ్లీ ఎక్కించేస్తాను. మా ఆయన తూకానికి వేసేద్దామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. కొన్నిటి మీద మా అమ్మమ్మ పేరు చెక్కించి ఉంది. హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంది కానీ వానాకాలం ఇల్లంతా చెమ్మే. ఏవి బయట పెట్టాలి, ఏవి దాచాలి?

బరంపురం పిన్ని:
పేరున్నవి అస్సలు అమ్మకమ్మా, తూకానికి వేస్తే కరిగించేస్తారు, మళ్లీ దొరకవు. బిందెలు పెద్దది కింద, చిన్నది పైన వరసగా పేర్చి హాల్లో మూలన పెట్టు, పక్కనే గంగాళం. మిగతావి న్యూస్‌పేపర్ చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టెయ్.

గుణుపురం చెక్కపని:
అక్కా, పింగాణీ పెద్ద పళ్లెం పది పదకొండు అంగుళాలు ఉంటుంది, కాబట్టి అర లోతు 12 అంగుళాలు పెట్టించండి. పళ్లేలు నిలబెట్టాలంటే అరలో గాడి తీయించి ముందు సన్నటి పట్టీ కొట్టించాలి. కంచు పళ్లేలు మాత్రం మేకులకు తగిలించొద్దు. కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం, అంత తగరం ఉండబట్టే అది పెళుసు, కింద పడితే ఇత్తడిలా సొట్ట పడదు, పగిలిపోతుంది. వాటిని కింది అరలో ఉంచండి. బాత్రూం వెనక గోడ అయితే వద్దు, వేరే గోడైనా బీరువాకీ గోడకీ మధ్య అంగుళం ఖాళీ వదలండి.

రాయగడ టీచరమ్మ:
పిన్నిగారూ, న్యూస్‌పేపర్ ఒద్దండి. వానల్లో చెమ్మ పీల్చి ఇత్తడికి అంటుకుపోతుంది, మచ్చలు పడతాయి. పాత నూలు చీర ముక్కలు చాలు. చింతపండుతో తోమాక పులుపు పోయేలా బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టాకే చుట్టాలి, తడి మిగిలితే చిలుము పడుతుంది. పెట్టెలో నాలుగు సుద్దముక్కలు వేస్తే చెమ్మ పీలుస్తాయి, వెండి ఉంటే రబ్బరు బ్యాండు వేయకండి, నల్లబడుతుంది. పింగాణీ పళ్లేల మధ్య గుడ్డ వేయండి, కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చకండి. ఇంకో మాట, మీ ఇంట్లో కంచు పళ్లెంలో రోజూ అన్నం తినొచ్చు కదా, వాడేదాన్ని ఎక్కడ దాచాలన్న బెంగే ఉండదు.

పర్లాకిమిడి కోడలు:
అందరికీ థ్యాంక్స్ అండి. పేరున్న పళ్లేలు రోజూ వాడకానికి బయటికి తీస్తున్నాను, మా ఆయన కూడా సరేనన్నారు. గంగాళం, బిందెలు హాల్లోకి, డిన్నర్ సెట్టు అద్దాల బీరువాలోకి. ఒక ఇత్తడి గిన్నెకి లోపల కళాయి, అదే తగరం పూత, పోయింది. బుడితి మాకు దగ్గరే, అక్కడ కంచు, ఇత్తడి పనివాళ్లున్నారు కదా, పాత గిన్నెలకు కళాయి కూడా వేస్తారా?