అప్‌డేట్: తల అరిగిపోయిన కార్బ్యురేటర్ స్క్రూ ఊడొచ్చింది

కార్బ్యురేటర్ ఫ్లోట్ బౌల్ (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) నాలుగు స్క్రూల్లో ఒకటి తల అరిగి బిగుసుకుపోయింది, ఎలా తీయాలని ముందు అడిగాను. పని అయిపోయింది, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది వేడి, గ్రిప్ ప్లయర్. కార్బ్ విప్పి, పెట్రోల్ పూర్తిగా వంపేసి, ఆవిరి పోయేదాకా ఆరబెట్టాను. స్క్రూ మొదట్లో తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున నూనె తుడిచేసి, హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని రెండు నిమిషాలు వేడి చేశాను (మంట మాత్రం వద్దు). తలను ప్లయర్‌తో గట్టిగా పట్టి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పితే కదిలింది. స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకే పట్టు సడలుతుంది.

ఎక్స్‌ట్రాక్టర్ (స్క్రూలో రంధ్రం చేసి, దాన్ని పట్టి తీసే పనిముట్టు) అవసరమే పడలేదు. 4 మి.మీ. స్క్రూలో అది విరిగితే పని ఇంకా పాడవుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్) దెబ్బ కూడా వద్దనుకున్నాను, కార్బ్ బాడీ పెళుసు.

అసలు తప్పు ఫిలిప్స్ డ్రైవర్‌ది. ఇవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూలు, ఫిలిప్స్ లాగే కనిపించినా గాడి కొంచెం వేరు, అందుకే ఆ డ్రైవర్ జారి తల అరుగుతుంది. తల మీద చిన్న చుక్క ఉంటే దాదాపు అదే. నాలుగూ తీసేసి అదే పొడవున్న స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేశాను, మరలకు కొద్దిగా యాంటీసీజ్ (బిగుసుకుపోకుండా రాసే పేస్టు) రాసి. బౌల్ అంచున ఉండే పాత ఓ-రింగ్ (రబ్బరు సీల్) ఉబ్బి గాడిలో కూర్చోలేదు, కొత్తది కొనుక్కోండి.