పెరిగే బియర్డెడ్ డ్రాగన్‌కి పురుగులు కడుపునిండా పెట్టాలా, ఇప్పటి నుంచే తగ్గించి ఆకులు అలవాటు చెయ్యాలా?

ఎండపొద:
అందరికీ నమస్కారం. మా పెంపుడు బల్లి బియర్డెడ్ డ్రాగన్‌కి ఆరో నెల నడుస్తోంది. పొద్దున ఆకులు పెడితే వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతుంది, క్రికెట్ల (కీచురాళ్ల) డబ్బా కనపడితే మాత్రం అద్దానికి అతుక్కుపోతుంది. ప్రస్తుతం రెండు పూటలా తిన్నన్ని పురుగులు పెడుతున్నాను. తెలిసినవాళ్లని అడిగితే ఒకరు ఏడాది నిండేదాకా ప్రోటీన్ తగ్గించొద్దు, ఎదుగుదల దెబ్బతింటుంది అన్నారు. ఇంకొకరు ఇప్పుడే తగ్గించకపోతే జన్మలో ఆకు ముట్టదు, లివర్ పాడవుతుంది అన్నారు. ఇద్దరూ చాలా ఏళ్లుగా పెంచుతున్నవాళ్లే. కాల్షియం పొడి వేస్తున్నాను, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబ్ లైట్ ఉంది. మీరేమంటారో కారణంతో సహా చెప్పండి, నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

కీచురాయి:
తగ్గించకండి. గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడు కూడా ఉండని ప్రాణి ఏడాది, ఏడాదిన్నరలో 40 నుంచి 60 సెంటీమీటర్లు అవుతుంది. ఆ కండ, ఆ ఎముక ఎక్కడి నుంచి రావాలి? పిల్లలకి 70–80 శాతం పురుగులు, మిగతాది ఆకులు, పెద్దయ్యాక ఇది తిరగబడాలి అని మామూలుగా చెప్పే లెక్క ఊరికే పుట్టలేదు. మీ డ్రాగన్ ఆకు తినట్లేదంటే దానికి ఇప్పుడు కావలసింది ప్రోటీన్ అని అదే చెబుతోంది. ఆకలితో ఉన్న పిల్లకి తిండి ఆపి ఆకులు నేర్పిస్తామనడం నాకు అస్సలు నచ్చదు.

పచ్చాకు:
కీచురాయి గారూ, దానికి ఏం కావాలో అదే చెబుతుందనే మాట దగ్గరే నాకు పేచీ. కదిలే ప్రతిదాన్నీ పట్టుకోవడం దాని స్వభావం, ఎందుకంటే అది వచ్చిన ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాల్లో రేపు పురుగు దొరుకుతుందన్న నమ్మకం లేదు. మన టెర్రేరియంలో, అంటే అద్దాల పెట్టెలో, రోజూ దొరుకుతుంది, పైగా అది పరిగెత్తేది నాలుగడుగులు. అలా తిన్నన్ని పెట్టుకుంటూ పోతే కొవ్వు పొట్టలో చేరుతుంది, తర్వాత లివర్‌లో చేరుతుంది. పెద్ద డ్రాగన్లలో లివర్‌కి కొవ్వు పట్టడం పశువైద్యులు తరచూ చూసే జబ్బే, దానికి దారి పడేది మాత్రం పిల్లప్పటి అలవాట్లతోనే. ఏడాది దాకా ఆకు ఎరగని డ్రాగన్‌కి ఒక్కసారిగా పురుగులు తగ్గించి చూడండి, వారాల తరబడి గిన్నె వైపు కూడా చూడదు.

కీచురాయి:
అడవి సంగతి మీరే తెచ్చారు కాబట్టి చెబుతాను. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో అడవి డ్రాగన్ల కడుపులో ఏముందో చూస్తే సగానికి పైగా జంతు ఆహారమే, అందులోనూ చెదపురుగులు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. అవన్నీ కొవ్వున్న పురుగులే కదా. అక్కడివి బతకట్లేదా?

పచ్చాకు:
బతుకుతున్నాయి, కానీ చెదపురుగులు అలా గుంపులుగా బయటికి వచ్చేది వానల తర్వాత కొద్దికాలమే. ఆ కాస్త రోజుల పండగ భోజనాన్ని ఏడాది మొత్తానికి మెనూ చేస్తే ఎలా?

రాళ్లగుట్ట:
మీరిద్దరూ శాతాల దగ్గరే ఆగిపోయారు, నా అభిప్రాయంలో అసలు ప్రశ్న అది కాదు. పురుగులు ఎన్ని అనేదానికంటే ఏ పురుగులు, వాటి కడుపులో ఏముంది, వాటి మీద ఏముంది అనేది ముఖ్యం. క్రికెట్లలో గానీ డూబియా బొద్దింకల్లో గానీ ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. డ్రాగన్‌కి కావలసింది దానికి రివర్స్, ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం రెండు వంతులకి దగ్గరగా ఉండాలి. ఆ తేడా పూడ్చకపోతే ఒంట్లో రక్తానికి కావలసిన కాల్షియాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది, దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, వేళ్లు వణుకుతాయి. వేగంగా పెరిగే పిల్లకే ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే ఎక్కువ పురుగులు పెట్టి కాల్షియం సరిగా లేకపోతే మేలు చేస్తున్నామనుకుంటూ కీడు చేస్తాం. బ్లాక్ సోల్జర్ ఈగల లార్వా ఒక్కటి దీనికి మినహాయింపు, వాటిలో కాల్షియం సహజంగానే బాగా ఉంటుంది.

ఇంకో మాట, పెట్టబోయే ముందు ఒకటి రెండు రోజులు ఆ పురుగులకి మంచి ఆకులు, క్యారెట్ మేపండి. ఖాళీ కడుపుతో ఉన్న క్రికెట్ అంటే పైపెంకు, కాస్త నీళ్లు, అంతే. ఆకు ముట్టని మీ డ్రాగన్‌కి ప్రస్తుతానికి ఆకులు చేరే దారి కూడా ఇదే. పురుగు సైజు దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు.

యూవీబీ ఉందన్నారు, మంచిదే. కానీ ట్యూబ్‌కీ డ్రాగన్‌కీ మధ్య అద్దం ఉంటే ఆ కిరణాలు దాదాపు రావు. ట్యూబ్ వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, వెలుతురు ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకి, ఆరు నెలలో ఏడాదో, మార్చాల్సిందే. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డీ3 కావాలి, యూవీబీ బాగుంటే అది చర్మంలోనే తయారవుతుంది కాబట్టి రోజువారీ పొడి డీ3 లేనిదైనా సరిపోతుంది. చర్మంలో తయారయ్యే డీ3కి ఒంట్లోనే హద్దు ఉంది, నోటితో పోసేదానికి అలాంటి హద్దు లేదు, ఎక్కువైతే విషమే.

పచ్చాకు:
ఇదంతా ఒప్పుకుంటాను రాళ్లగుట్ట గారూ, కానీ ఆయన అడిగింది తగ్గించాలా వద్దా అని. పురుగు లోపలికి ఆకు ఎక్కించడం ఆకు తినిపించడంతో సమానం కాదు. పీచు రాదు, అలవాటూ రాదు.

ఎండపొద:
పొడి రోజూ వేస్తున్నాను, ట్యూబ్‌కి అద్దం అడ్డం లేదు, జాలీ పైన ఉంది. ఆకుల్లో ఇప్పటిదాకా పెట్టింది పాలకూర, లెట్యూస్. అప్పుడప్పుడు ఇష్టంగా తింటుందని వ్యాక్స్‌వార్మ్‌లు (మైనపు చిమ్మట లార్వాలు).

పచ్చాకు:
అదీ సంగతి! లెట్యూస్‌లో, ముఖ్యంగా తెల్లగా గట్టిగా ముద్దలా ఉండేదాంట్లో, నీళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, మీరు అంత శ్రద్ధగా చల్లిన పొడిలో కొంత వృథా అవుతుంది. ఆవ ఆకు, డాండెలయన్, ఎండివ్, కొలార్డ్ లాంటివి మార్చి మార్చి పెట్టండి, సన్నగా తరగండి, పైన కాస్త తురిమిన గుమ్మడికాయ, ఒక మందార పువ్వు రేకు వెయ్యండి. ఎరుపు, పసుపు రంగులకి కన్ను పడుతుంది. వ్యాక్స్‌వార్మ్‌లలో మాత్రం కొవ్వు చాలా ఎక్కువ, వాటి రుచి మరిగిన డ్రాగన్ ఆకే కాదు, క్రికెట్‌ని కూడా వద్దంటుంది. వాటిని ఆపేస్తే సగం పని అయినట్టే.

కీచురాయి:
వ్యాక్స్‌వార్మ్‌ల విషయంలో నేనూ పచ్చాకు గారి వైపే. కానీ క్రికెట్లు తగ్గించడానికి ఇప్పటికీ ఒప్పుకోను. ఆరు నెలల పిల్ల బరువు పెరగడం ఆగితే అది నష్టమే. వారానికోసారి గ్రాముల్లో తూచి రాసుకోండి. తల మీద కళ్ల వెనక ఉండే గుబ్బలు లోపలికి పోయినట్టున్నా, తోక మొదట్లో ఎముక తేలినా తిండి గానీ నీళ్లు గానీ చాలట్లేదని అర్థం. అలాంటప్పుడు ఆకుల పాఠం పక్కన పెట్టాలి.

రాళ్లగుట్ట:
నేనైతే పురుగులు మానేయమనను, పెట్టే సమయం మార్చమంటాను. ఎండపొద గారూ, పొద్దున లైట్ వెలిగి ఒళ్లు వేడెక్కాక ముందు ఆకులు పెట్టండి, పురుగులు కనపడనివ్వొద్దు. గంట రెండు గంటల తర్వాత ఒకే పూట, పది పదిహేను నిమిషాల్లో తిన్నన్ని పురుగులు. రెండో పూట తీసేయండి. ఆరు నెలలకి ఒక పూట చాలు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన వాటికైతే రెండు మూడు పూటలు కావాలి. అలాగని ఆకులు తినేదాకా పురుగులు ఆపేసి మొండికి దిగకండి, పెరిగే ప్రాణి దగ్గర ఆ పంతం వద్దు. లైట్ ఆపే ముందు రెండు గంటల్లో ఏమీ పెట్టొద్దు, చల్లబడ్డ కడుపులో తిండి అరగదు.

బయట పట్టిన పురుగులు అసలు వద్దు, పురుగుమందు తగిలి ఉండొచ్చు. అన్నిటికంటే మిణుగురులు. ఒక్క మిణుగురు చాలు డ్రాగన్ చనిపోవడానికి. అవకాడో కూడా దగ్గరికి రానివ్వకండి.

ఎండపొద:
ఒక పూట, ముందు ఆకులు, వ్యాక్స్‌వార్మ్‌లు బంద్. రేపటి నుంచి మొదలుపెడతాను. రెండో పూట తీసేస్తే నీరసపడుతుందేమోనన్న భయం మాత్రం పోలేదు.

కీచురాయి:
ఆ భయం నాకూ ఉంది, అందుకే తూకం ఆపొద్దంటున్నాను. రెండు వారాలు వరసగా తగ్గితే రెండో పూట మళ్లీ పెట్టేయండి, ఎవరేమన్నా సరే.

రాళ్లగుట్ట:
అంతకంటే ముందు ఒకటి. ఇంతసేపూ మనం ఎవరం అడగలేదు, బాస్కింగ్ రాయి, అంటే అది వేడి కాచుకునే రాయి, పైన వేడి ఎంత ఉంది? గోడకి అతికించిన థర్మామీటర్ చెప్పేది కాదు, డ్రాగన్ పొట్ట ఆనే చోట. 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. అంత లేకపోతే ఏం పెట్టినా సరిగా అరగదు, ఆకులైతే మరీ, అప్పుడు ఆకలి మందగించినా ఆకుల మీద విముఖత అని పొరపడతాం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రాయి మీద కొలిచి ఆ అంకె ఇక్కడ రాయండి, పూటలు తగ్గించే సంగతి ఆ తర్వాత చూద్దాం.