మూడున్నరేళ్ళ పిల్లాడితో మ్యూజియం: ఎవరైనా వెళ్ళొచ్చారా, ఏం చేశారు?

చంటోడి అమ్మ:
మావాడికి మూడున్నరేళ్ళు. పోయిన నెల ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళాం, పేరు ఎందుకులెండి. గోడంత ఆవు పెయింటింగ్ ఒకటి ఉంటే దాన్ని చూడగానే "అంబా" అని హాలంతా వినపడేలా అరిచి, అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరి మూతి నిమరడానికి వెళ్ళిపోయాడు. జానెడు దూరంలో కాలర్ పట్టుకుని ఆపాను. సెక్యూరిటీ ఆయన "చంటిపిల్లల్ని ఇలాంటి చోటికి ఎందుకు తెస్తారమ్మా" అన్నాడు అందరి ముందూ, నాకు తల కొట్టేసినట్టయింది. మిగతా గదులు చూడకుండానే బయటికి వచ్చేశాం. ఇంటికొచ్చాక నాలుగు రోజులు ఆ ఆవు కబుర్లే, దాని కొమ్ములు, దాని తోక, దానికి ఎవరు గడ్డి వేస్తారు అని.

వచ్చేవారం అత్తయ్యగారు, మామయ్యగారు ఏలూరు నుంచి వస్తున్నారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలంటున్నారు. మావారు పిల్లాణ్ణి మా అక్క దగ్గర వదిలేద్దాం అంటారు. నాకేమో తీసుకెళ్ళాలనే ఉంది, కానీ మళ్ళీ అలా మాట పడాలంటే టెన్షన్. ఈ వయసు పిల్లలకి బొమ్మలు చూపించే పద్ధతి ఏదైనా ఉందా, లేక ఆరేడేళ్ళు వచ్చేదాకా ఆగడమేనా?

బాలబడి టీచర్:
ఆగొద్దు అమ్మా. నాలుగు రోజులు ఆవు గురించి మాట్లాడాడంటే, ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్ళలో ఆ పెయింటింగ్‌ని అందరికంటే బాగా చూసింది మీవాడే.

పదకొండేళ్ళుగా ఈ వయసు పిల్లలతోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. సాలార్‌జంగ్ మొత్తం చూపించాలనుకుంటే పెద్దవాళ్ళకే కాళ్ళు పడిపోతాయి. వాడికి మూడు చాలు. మొదటిది మేలిముసుగు రెబెకా, ముఖం మీద పలుచటి ముసుగు వేసుకున్న అమ్మాయి, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం, నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ఈ కథ వాడికి చెప్పొద్దు, అత్తయ్యగారికి చెప్పండి. వాడితో దోబూచులాడండి. మీ చున్నీ వాడి ముఖం మీద వేసి "కనపడుతున్నానా?" అనండి, తీసి రెబెకాని చూపించండి, మళ్ళీ వేయండి. పలుచటి బట్టలోంచి ముక్కు ఎలా కనిపిస్తుందో వాడి ముక్కు మీదే తెలిశాక, అది బట్ట కాదు రాయి అని చెప్తే అప్పుడు చూడాలి వాడి ముఖం. ముందే రాయి అని చెప్పేస్తే ఏమీ లేదు, రాయే కదా అనుకుంటాడు.

రెండోది చెక్కతో చేసిన జంట శిల్పం. ముందు నుంచి ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక నుంచి అదే కథలోని అమ్మాయి, తల వంచుకున్న మార్గరెట్టా, రెండూ ఒకే దుంగలో చెక్కారు, వెనకాల అద్దం పెట్టారు కాబట్టి ఒకేసారి ఇద్దరూ కనిపిస్తారు. "వెనకాల ఎవరు దాక్కున్నారు?" అని అడిగి ఊరుకోండి. ముందు ఆయనలా ఛాతీ విరుచుకుని నుంచోమనండి, తర్వాత ఆ అమ్మాయిలా తల దించమనండి. మూడున్నరేళ్ళవాడు కళ్ళతో కంటే ఒంటితోనే ఎక్కువ చూస్తాడు, బొమ్మ ఎలా నిలబడిందో తనూ అలా నిలబడితే చూసినట్టే.

మూడోది గడియారం, దాని గురించి చెప్పక్కర్లేదనుకుంటా. గంట కొట్టే వేళకి బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. 12కి వెళ్తే పన్నెండు కొట్లు, వాడితో లెక్కపెట్టించొచ్చు, ఏడు తర్వాత తొమ్మిది అన్నా సరిదిద్దకండి. పక్కనే సుత్తితో కొట్టే కమ్మరి బొమ్మ కూడా ఉంటుంది, గంట కోసం ఎదురుచూసేటప్పుడు అతన్ని చూస్తూ ఉంటే పిల్లలు ఏడవరు.

ఇంకొకటి. పెయింటింగ్‌లు పెద్దవాళ్ళ కంటి ఎత్తుకి తగిలిస్తారు, నడుమ భాగం దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది. మీవాడు మూడడుగుల చిల్లర. కింద నుంచి వాడికి కనిపించేది ఫ్రేము అడుగు భాగం, అద్దం మీద లైటు మెరుపు, అంతే. ఎత్తుకోండి, లేదా దూరంగా జరిగి నేల మీద కూర్చోండి ఇద్దరూ. ముందు బాత్రూం పని చూసుకుని మొదలుపెట్టండి. 40 నిమిషాలు అవ్వగానే బయటికి వచ్చేయండి, బాగా ఆడుతున్నా సరే. శుక్రవారం సెలవు, చూసుకోండి.

పాతబస్తీ పెద్దాయన:
టీచరమ్మగారు ఏమీ అనుకోవద్దు, నేను ఒప్పుకోను. మ్యూజియం ఆటస్థలం కాదు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు ప్రశాంతంగా చూసుకోవాలి కదా. వందేళ్ళు పైబడిన వస్తువులు, ఒక్క చెయ్యి తగిలితే ఎవరు బాధ్యులు? మేము చిన్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాళ్ళం, మా నాన్నగారి ఒక్క చూపు చాలు. సెక్యూరిటీ ఆయన మాట కటువుగానే ఉండి ఉంటుంది, కానీ ఏదైనా జరిగితే పోయేది ఆయన ఉద్యోగమే.

బాలబడి టీచర్:
చివరి మాట నిజమేనండి, ఆయన మీద నాకూ కోపం లేదు. నేను పరిగెత్తించమనలేదు. మీరు చెప్పిన చేతులు వెనక్కి కట్టుకోవడమే నేను పిల్లలకి ఆటగా నేర్పిస్తాను, "తాతగారి నడక" అని. లోపలికి అడుగుపెట్టగానే అందరం తాతగార్లం అయిపోతాం. "ముట్టుకోకు" అని పదిసార్లు అనడం కంటే ఇది నయం, చేతులకి ఒక పని దొరుకుతుంది.

బ్రిస్బేన్ తెలుగమ్మాయి:
ఇక్కడి క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీ కోసమే జపాన్ కళాకారిణి యయోయి కుసామా 2002లో పిల్లల కోసం ఒక గది చేసింది, తర్వాత చాలా దేశాలు తిరిగింది అది. గోడలు, సోఫా, బల్ల, కప్పులు, అన్నీ తెల్లగా ఉంటాయి. వచ్చిన ప్రతివాళ్ళకీ గుండ్రటి రంగు స్టిక్కర్లు ఇస్తారు, ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోవచ్చు, రోజులు గడిచేకొద్దీ ఆ తెలుపంతా చుక్కల్లో మునిగిపోతుంది. దాని ఫోటోలు చూసి మేము ఇంట్లో ఒక పాత అట్టపెట్టెకి తెల్లకాగితం అంటించి, అమ్మ పంపిన బొట్టుబిళ్ళల ప్యాకెట్లతో అదే ఆట ఆడాం. మా పాప ఆఖరి బిళ్ళ వాళ్ళ నాన్న బట్టతల మీద అంటించింది, ఆయన అలాగే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళొచ్చారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, హైదరాబాద్‌లో మీకు తోట వైకుంఠం గారి పెయింటింగ్ ఎక్కడైనా కనిపిస్తే ఆగండి. ఆయన వేసేది తెలంగాణ పల్లె ఆడవాళ్ళని, పెద్ద పెద్ద ఎర్రబొట్లు, పసుపు, ఎరుపు చీరలు, చెయ్యి నిండా గాజులు. మీవాడి నుదుటన ఒక బొట్టుబిళ్ళ పెట్టి "వీళ్ళలో ఎవరి బొట్టు పెద్దది?" అని అడగండి చాలు. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఏ షో నడుస్తోందో చూసుకుని, జనం లేని పొద్దుటిపూట వెళ్ళండి, సాలార్‌జంగ్ రద్దీలో కంటే సులువు. ఒక్క జాగ్రత్త, బ్యాగ్‌లో ఆటలు మరీ పది పట్టుకెళ్ళకండి, అది హోంవర్క్ అయిపోతుంది. నేను చేశాను ఆ తప్పు, పాప ఒక పక్క నేల మీద ఎండ పడిన చోట నీడతో ఆడుకుంటుంటే నేను ఇంకో పక్క వర్క్‌షీట్ పట్టుకుని పిలుస్తున్నా.

చంటోడి అమ్మ:
వెళ్ళొచ్చాం! అందరికీ థాంక్స్. పెద్దాయనా, మీకు కూడా, ఎందుకంటే తాతగారి నడక సూపర్ హిట్. మా మామయ్యగారు మామూలుగానే అలా నడుస్తారు, వీడు వెనకాలే అదే వంపుతో, అదే దగ్గుతో. ఈసారి సెక్యూరిటీ ఆయన నవ్వాడు.

రెబెకా దగ్గర చున్నీ ఆట నాలుగుసార్లు ఆడాం, వెనకాల క్యూ పెరుగుతోందని పక్కకి జరిగి ఇంకో రెండుసార్లు. రాయి అని చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆంటీకి ఊపిరి ఎలా ఆడుతుంది?" అన్నాడు. మా అత్తయ్యగారు అయ్యో అని నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. జంట శిల్పం దగ్గర మాత్రం పట్టించుకోలేదు, అద్దంలో తన నాలుక చూసుకున్నాడు.

గడియారం విషయంలోనే నేను తప్పు చేశాను. బాత్రూం, మంచినీళ్ళు, మామయ్యగారి కళ్ళజోడు వెతకడం అన్నీ అయ్యేసరికి పన్నెండు దాటిపోయింది. ఒంటిగంట దాకా కూర్చున్నాం. బొమ్మ మనిషి వచ్చాడు, ఒక్కటి కొట్టాడు, వెళ్ళిపోయాడు. వీడు పదో పన్నెండో లెక్కపెడదామని వేళ్ళు చాచి రెడీగా ఉన్నాడు. "ఇంకా?" అని నా వైపు చూసి, తర్వాత ఏడుపు. కారు ఎక్కేదాకా ఏడ్చాడు.