ఇంట్లో చేసిన రోబో బోర్డు: మూడుసార్లు చేసినా ఎక్కడో తేడా వస్తోంది

ప్రశ్న: హైస్కూలు టీచరు, నంద్యాల

అందరికీ నమస్కారం. నేను భౌతికశాస్త్రం చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు నల్లగీత వెంట నడిచే రోబో చేస్తున్నారు. బ్రెడ్‌బోర్డు (సోల్డరు లేకుండా తీగలు గుచ్చే పలక) మీద అన్నీ బాగానే పనిచేశాయి కానీ, నేల మీద వదిలితే రెండు కుదుపులకే ఏదో ఒక తీగ ఊడిపోతోంది. అందుకే సొంతంగా బోర్డు చేద్దామని, సర్క్యూట్ బోర్డులు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని గీశాను.

మైక్రోకంట్రోలర్ ఏటీమెగా 328పీ, మోటార్లను నడిపే చిప్పు ఎల్293డీ, కింద గీతను పసిగట్టే అయిదు టీసీఆర్‌టీ 5000 సెన్సార్లు, రెండు పసుపు గేరు మోటార్లు. రెండు లిథియం సెల్స్ నుంచి 7.4 వోల్టులు, 7805 రెగ్యులేటరుతో 5 వోల్టులు. బోర్డు మీద రాగి గీతల వెడల్పు 0.3 మిల్లీమీటర్లు.

కాగితం మీది ప్రింటును ఇస్త్రీ పెట్టెతో రాగి బోర్డు మీదికి ఎక్కించి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించే పద్ధతి నాది. మొదటి బోర్డులో కాగితం తీస్తుంటే సగం టోనరు దానితోనే వచ్చేసింది. రెండోది ఫెర్రిక్ క్లోరైడ్‌లో గంటకు పైగా నానింది, తీసి చూస్తే గీతలు పురుగు తిన్న ఆకులా ఉన్నాయి. మూడోది నిలబడింది. సోల్డరింగ్ కూడా అయింది. కానీ మోటార్లు కదలగానే మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతోంది. పిల్లలు పైకి ఏమీ అనడం లేదు, వాళ్ళ ముఖాలు చూస్తే మాత్రం బాధగా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?

జవాబు: హైదరాబాద్ నుంచి

ఇస్త్రీ పద్ధతికి 0.3 చాలా సన్నం. సిగ్నల్ గీతలు 0.6, మోటారు గీతలు కనీసం 1.5 పెట్టండి. ఐసీ కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే కాబట్టి ప్యాడ్లను (కాళ్ళను సోల్డరు చేసే రాగి మచ్చలను) గుండ్రంగా కాక కోలగా, 1.6 వెడల్పు, 2.4 పొడవు ఉంచితే 0.8 బిట్టుతో చిల్లు వేశాక కూడా చుట్టూ రాగి మిగులుతుంది. మీది ఒకవైపే రాగి ఉన్న బోర్డయితే కింది పొరను తిప్పకుండా, తెర మీద కనిపించినట్టే ప్రింటు తీయాలి. బోల్తా వేసి ఇస్త్రీ చేసినప్పుడు అదే సరిపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీ వైపు వస్తే గోధుమరంగు బోర్డు బదులు గాజునార బోర్డు అడగండి. సోల్డరింగ్ వేడికి ప్యాడ్లు అంత తేలికగా లేవవు.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి

టీచరు గారూ, నేను ముప్ఫై ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేశాను. ప్రింటర్లు లేని రోజుల్లో రాగి మీద ఎనామిల్ పెయింటుతో సన్న కుంచె పట్టుకుని గీతలు గీసేవాళ్ళం. అప్పుడూ ఇప్పుడూ బోర్డు పాడయ్యేది మొదటి అయిదు నిమిషాల్లోనే, అంటే రాగిని శుభ్రం చేసేటప్పుడే.

గిన్నెలు తోమే పచ్చ పీచుతో, సబ్బుతో రాగిని గుండ్రంగా రుద్దండి. కడిగి, నీళ్ళు పోసి ఏటవాలుగా పట్టుకోండి. నీరు పలుచని పొరలా అంతటా పరుచుకుంటే రాగి సిద్ధం. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ రుద్దాలి. ఆరాక దాని మీద వేలు పెట్టకూడదు. పిల్లలకు ఇది చూపించండి, వాళ్ళు మరిచిపోరు.

ప్రింటు లేజరుదే కావాలి. టోనరు అంటే ప్లాస్టిక్ పొడి, అది కరిగి రాగికి అంటుకుంటుంది. ఇంకుకు ఆ గుణం లేదు. ఇస్త్రీ పెట్టెలో నీళ్ళు లేకుండా చూసుకోండి. నూలు బట్టల వేడిలో ముందు మొత్తం అదిమి, తరువాత అంచులు. చల్లారాక పావుగంట నీళ్ళలో నానబెట్టి, బొటనవేలితో కాగితాన్ని పొరలు పొరలుగా రాల్చండి. లాగకండి, మీ మొదటి బోర్డు అక్కడే పోయి ఉంటుంది.

రెండో బోర్డుకు గంట పట్టిందంటే ద్రావణం చల్లగానో, వాడేసిందో అయి ఉండాలి. రాగి మందం 35 మైక్రాన్లే. అయినా ఆలస్యమైన కొద్దీ ద్రావణం టోనరు కిందికి పక్కల నుంచి చొరబడి గీతను తినేస్తుంది. ప్లాస్టిక్ పళ్ళేన్ని వేడినీళ్ళ తొట్టిలో ఉంచి ఊపుతూ ఉండండి. కొత్తది కలిపేటప్పుడు నీళ్ళలోనే పొడిని కొంచెం కొంచెంగా వేయాలి, బాగా వేడెక్కుతుంది. స్టీలు, అల్యూమినియం గిన్నెలు దగ్గరికి కూడా రానివ్వకండి. ఖాళీ జాగాలను గ్రౌండు (బ్యాటరీ మైనస్‌కు కలిసే) రాగితో నింపి గీస్తే కరగాల్సిన రాగి తగ్గి, ద్రావణం ఎక్కువ బోర్డులకు వస్తుంది.

ఇక రీసెట్ సంగతి. మోటార్ల గ్రౌండు, మైక్రోకంట్రోలర్ గ్రౌండు ఒకే సన్న గీత మీద వెళ్తున్నాయని నా అనుమానం. మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటుకు ఆ గీత మీద వోల్టేజి ఊగి చిప్పు తడబడుతుంది. రెండు గ్రౌండులనూ విడివిడిగా తెచ్చి బ్యాటరీ మైనస్ దగ్గరే కలపండి. ఎల్293డీ 4, 5, 12, 13 కాళ్ళు గ్రౌండే కాదు, దాని వేడి బయటికి పోయే దారి కూడా అవే. వాటి కింద వెడల్పైన రాగి వదలండి. మైక్రోకంట్రోలర్ 7, 8 కాళ్ళకు ఆనుకుని ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్, 20, 22 దగ్గర మరొకటి, ప్రతి మోటారు కొసల మధ్య ఇంకొకటి పెట్టండి. మూడో బోర్డును పారేయకండి. గ్రౌండు గీత మీద లావు రాగి తీగ పరిచి సోల్డరు చేసి చూడండి.

మళ్ళీ నంద్యాల టీచరు

అయ్యా, నమస్కారాలు. మీరన్నట్టే బ్యాటరీ మైనస్ నుంచి ఎల్293డీ వరకు కరెంటు వైరులోని రాగి పోగు పరిచాం. కెపాసిటర్లు బోర్డు కింద అతికించాం. రీసెట్ ఆగింది! మలుపుల దగ్గర గీత తప్పుతోంది, అది ప్రోగ్రాములో చూసుకుంటాం. నాలుగో బోర్డుకు రాగి తోమడం పిల్లలకే అప్పగించాను, నీటి పొర నిలిచేదాకా నలుగురూ వంతులవారీగా రుద్దారు. వాడేసిన ద్రావణం సీసా నిండా ఉంది, దాన్ని ఏం చేయాలి?

రాజమహేంద్రవరం నుంచి

చాలా సంతోషం తల్లీ. సింకులో గానీ, చెట్ల మొదట్లో గానీ పోయకండి, అందులో కరిగిన రాగి ఉంది. పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో, ఆరుబయట, బట్టల సోడా కొంచెం కొంచెంగా వేయండి. బాగా పొంగుతుంది, కళ్ళద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. పొంగడం ఆగాక ఒక రోజు వదిలేస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని వడగట్టి, ఆరబెట్టి, మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఆ ద్రావణం చూడటానికి కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది.