ధవళేశ్వరం ఆనకట్టకి అంతమంది కమ్మరులు ఎందుకు?

ప్రశ్న:
1847 నుంచి 1852 దాకా కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చదువుతున్నాను. కాటన్ దొర గురించీ, ఆయన కింద పనిచేసిన ఇంజనీరు వీణెం వీరన్న గారి గురించీ బోలెడు రాశారు. పని మొదట్లో పదివేల మంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు ఉన్నారని ఒకచోట ఉంది. రాతి కట్టడానికి అంతమంది కమ్మరులు ఎందుకండీ? రోజంతా ఏం చేసేవాళ్లు?

జవాబు 1:
రాతి కట్టడం కాబట్టేనండి. రాయి పక్కనున్న కొండ నుంచే తీశారు. పేలుడు మందు కూరడానికి బండలో రంధ్రం వేసే పొడవాటి కడ్డీ, గడ్డపార, సమ్మెట, ఉలి, ఇవన్నీ రాయి మీద పడితే ఎంతసేపు ఆగుతాయి? ఒక్కో మనిషి ఉలి రోజులో ఎన్నోసార్లు కొలిమికి రావాల్సిందే. కొలిమి ఆగితే క్వారీ ఆగిపోయినట్టే.

జవాబు 2:
మాది కొలిమి పని చేసే ఇల్లు, తాతయ్య దగ్గర తిత్తి ఊదాను కాబట్టి చెప్తున్నా. ఉలికి పదును పెట్టడమంటే సాన పట్టడం ఒక్కటే కాదు. మొన ఎర్రగా కాల్చి దాగలి అనే ఇనుప దిమ్మ మీద సాగగొట్టి, మళ్లీ కాల్చి, మొన మటుకే నీళ్లలో ముంచి తీసి, ఇసుకతో రుద్ది దాన్నే చూస్తూ ఉండాలి. వెనకున్న వేడి మొనవైపు పాకుతూ ఉంటే రంగు మారుతుంది, ఎండుగడ్డి రంగు రాగానే ముంచెయ్యాలి. నీలం తిరిగిందా, మెత్తబడి మొన వంగుతుంది. ముందే ముంచారా, పెళుసై విరుగుతుంది. ఎండలో ఆ రంగు కనపడదు, అందుకే కొలిమి నీడలో ఉండాలి. ఉలి తల కూడా దెబ్బలకి పువ్వులా విచ్చుకుంటుంది, ఆ అంచులు కొట్టేయకపోతే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. ఆ నేర్పు పేరు లేకుండా పోయిందని నాకు నిజంగా బాధ.

జవాబు 3:
ఇంకోటి మర్చిపోకండి. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు, బొంబాయి–ఠాణా రైలు, 1853లో నడిచింది, అంతకుముందే ధవళేశ్వరంలో రాళ్లు మోయడానికి పట్టాలు వేశారు. రాళ్ల బరువుకి బండ్ల ఇరుసులూ చక్రాలూ ఊరికే ఉంటాయా, ఆ మరమ్మతులూ కొలిమి పనే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. తాతయ్య గారు గడ్డపారకి కూడా ఇలాగే రంగు చూసేవారా, లేక దానికి లెక్క వేరా?

జవాబు 2:
వేరేనండి. గడ్డపారతో బండను ఎత్తి పెకలిస్తారు కదా, అంత గట్టిగా ఉంటే పుటుక్కున విరుగుతుంది. దానికి నీలం దాకా రానిచ్చేవారు.