ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో ‘నాట్ గివెన్’ దగ్గర మార్కులు పోతున్నాయి, సలహా ఇవ్వండి

ప్రశ్న: అందరికీ నమస్కారం. విదేశాల్లో చదువుకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌కు ఇంట్లోనే చదువుకుంటున్నాను. రీడింగ్‌లో ఇచ్చిన వాక్యం పాసేజీతో సరిపోతుందా (ట్రూ), దానికి విరుద్ధమా (ఫాల్స్), ఆ సంగతే అందులో లేదా (నాట్ గివెన్) అని తేల్చే ప్రశ్నల్లో చివరి రెండింటికీ తేడా ఎంతకీ తేలడం లేదు. మూడో పాసేజీకి వచ్చేసరికి సమయం అయిపోతోంది. తెలియని పదాలన్నీ రాసుకుని బట్టీ పడుతున్నా మార్కులు పెరగడం లేదు. ఏం చేయమంటారు?

మొదటి సమాధానం: ముందు నాట్ గివెన్ సంగతి చూద్దామండీ, ఎక్కువ మందిని ఏడిపించేది అదే. పాసేజీలో ‘నది మీద వంతెనను ఇనుముతో కట్టారు’ అని ఉందనుకోండి. ప్రశ్నలో ‘వంతెనను చెక్కతో కట్టారు’ అని ఉంటే ఫాల్స్. ‘వంతెనకు అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది’ అని ఉంటే నాట్ గివెన్, ఎందుకంటే ఖర్చు ఊసే లేదు. ఈ రెండూ తేలికే. అసలు చిక్కు ‘ఆ నది మీద ఇనుముతో కట్టిన మొదటి వంతెన అదే’ లాంటి వాక్యంతో వస్తుంది. నది, ఇనుము, వంతెన అన్నీ కనిపిస్తాయి కాబట్టి తొందరపడి ట్రూ పెట్టేస్తాం. ‘మొదటి’ అన్న విషయం పాసేజీలో ఎక్కడా లేదు, అందుకే అది కూడా నాట్ గివెన్.

ఫాల్స్ అని పెట్టే ముందు, దాన్ని కాదంటున్న వాక్యం మీద వేలు పెట్టి చూపించగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. చూపించలేకపోతే అది ఫాల్స్ కాదు. ఆ విషయం గురించి మీకు విడిగా ఎంత తెలిసినా ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇక సమయం. 60 నిమిషాల్లో 3 పాసేజీలు, 40 ప్రశ్నలు. జవాబులు ఎక్కించడానికి విడిగా సమయం ఇవ్వరు. మూడోది సాధారణంగా కష్టంగా ఉంటుంది కాబట్టి మొదటిదాన్ని 15 నిమిషాల్లో ముగించడం అలవాటు చేసుకోండి. ట్రూ, ఫాల్స్ ప్రశ్నల జవాబులు పాసేజీలో వరుసగానే వస్తాయి. నాలుగో ప్రశ్న దొరక్కపోతే మూడు, ఐదు జవాబుల మధ్య వెతకండి. తప్పుకు మార్కులు కోయరు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. మరి పదాలు బట్టీ పట్టడం మానేయమంటారా?

రెండో సమాధానం: విడి పదాల జాబితా మానేయండి. పదాన్ని అది వచ్చిన వాక్యంతో కలిపి రాసుకోండి. ప్రశ్నలో పాసేజీలోని పదమే రావడం తక్కువ, అదే అర్థాన్ని వేరే మాటల్లో చెబుతారు. ఆ జంటలను పక్కపక్కన రాసుకుంటే పరీక్షలో నేరుగా పనికొస్తాయి. ఇంకొక మాట, రోజుకొక కొత్త నమూనా పరీక్ష రాయడం కన్నా రాసిన పరీక్షలో తప్పు పోయిన ప్రతి జవాబుకూ పాసేజీలో ఆధారం వెతకడం మేలు. పరీక్షకు గంట పడితే ఈ పనికి రెండు గంటలు పట్టినా ఇవ్వండి.

మొదటి సమాధానం ఇచ్చినవారు: అవును. ఖాళీలు నింపే ప్రశ్నల్లో ఎన్ని పదాలు రాయమన్నారో కూడా చూసుకోండి. రెండు పదాలు దాటవద్దన్నచోట మూడు రాస్తే, సరైన జవాబైనా మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పినా అంతే.