వారానికొక్క థెరపీ గంట: బ్యాలెన్స్ వ్యాయామాలకా, రోజువారీ సొంత పనులకా?

కర్నూలు అమ్మ:
మా అబ్బాయికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చి, ఒంటి ఎదుగుదలనూ నేర్చుకోవడాన్నీ నెమ్మదింపజేసే జన్యు స్థితి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో వారానికొకసారి దొరికే ఫిజియోథెరపీ సమయమంతా ఒంటికాలిపై నిలబడటానికీ, గీత మీద నడవటానికే సరిపోతోంది. పిల్లల నిలకడను కొలిచే పీడియాట్రిక్ బ్యాలెన్స్ స్కేలులో మార్కులు పెరిగాయని చెబుతున్నారు గానీ, ప్యాంటు ఇప్పటికీ నేనే తొడుగుతున్నాను. ఆ సమయాన్ని నేరుగా బట్టలు వేసుకోవడం నేర్పడానికే వాడాలి.

ఫిజియో, హన్మకొండ:
అమ్మా, ఈ పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, కీళ్ల బంధనాలు వదులు. నిలబడి ప్యాంటు తొడుక్కోవాలంటే ఒక కాలు ఎత్తినంతసేపూ బరువంతా రెండో కాలే మోయాలి కనుక, ఒంటికాలి సాధనకూ మీరడిగే పనికీ సంబంధం లేదనడం సరికాదు.

సభ్యుడు:
కూర్చుని తొడుక్కోవచ్చు కదా?

ఫిజియో, హన్మకొండ:
నడుము దాకా లాగడానికి లేవక తప్పదు. నేలమట్టపు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని లేవాలన్నా నిలకడే కావాలి.

కర్నూలు అమ్మ:
ఆ స్కేలులో 14 అంశాలు, 56 మార్కులు ఉన్నాయి. బట్టలు తొడుక్కోవడం వాటిలో లేదు.

ప్రత్యేక ఉపాధ్యాయురాలు:
మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఒకచోట నేర్చినది మరోచోట వాడటం కష్టం. గదిలో గీత మీద చక్కగా నడిచిన పిల్లవాడే బస్సు మెట్టు దగ్గర ఆగిపోతాడు. నిలకడ ఉన్నా, ప్యాంటుకు ముందువైపేదో, మొదట ఏ కాలు పెట్టాలో తెలియకపోతే పని సాగదు. అందుకే మేము చివరి అంచె నుంచి నేర్పుతాము: మోకాళ్ల పైదాకా మనం తొడిగి, లాగడం మాత్రం వాడికి వదిలేస్తాము, అది వచ్చాక దానికి ముందుండే అంచెను నేర్పుతాము.

ఫిజియో, హన్మకొండ:
మేము రాసిచ్చిన వ్యాయామాలను ఇంట్లో చేయించని తల్లిదండ్రులే ఫలితం లేదని మమ్మల్ని నిందిస్తున్నారు.

కర్నూలు అమ్మ:
వాడంతట వాడు తొడుక్కునేదాకా ఆగితే బడి ఆటో వెళ్లిపోతుంది సార్. వ్యాయామాల కాగితం ప్రతిసారీ నా చేతికే ఇస్తారు, వాళ్ల నాన్న చేతికి ఒక్కసారీ ఇవ్వలేదు. నా అభ్యంతరం వ్యాయామం మీద కాదు. రోజంతా వాడితో ఉండే నన్ను, ముందుగా ఏ పని రావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఫిజియో, హన్మకొండ:
లక్ష్యం ఇంటివాళ్లే చెప్పాలన్నది ఒప్పుకుంటాను. కానీ పిల్లవాడు స్నానాల గదిలో జారిపడితే అడిగేది మమ్మల్నే కాబట్టి, నిలకడను కొలవడం మానను.

కర్నూలు అమ్మ:
కొలవండి. ప్యాంటు లాగడం ఎంతవరకు వచ్చిందో కూడా అదే కాగితంలో రాయండి.